ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు గ్రాఫిక్స్ కార్డులు: ఏ రైజర్ కేబుల్ మేలు, దానికి కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న మా మేనల్లుడు గత వేసవిలో ఫోన్ చేసి, "మామయ్యా, రెండో కార్డు పెట్టినప్పటి నుంచి ఆట మధ్యలో స్క్రీన్ నల్లగా అయిపోతోంది, కేబినెట్‌లోంచి కమురు వాసన కూడా వస్తోంది" అన్నాడు. ముందు గోడ దగ్గర ప్లగ్గు తీసెయ్యమని చెప్పి, ఆ సాయంత్రమే విజయవాడ నుంచి బస్సెక్కి వెళ్లాను. కేబినెట్ తెరిచి చూస్తే రెండు కార్డులూ బాగానే ఉన్నాయి, మదర్‌బోర్డుకూ ఏమీ కాలేదు. రెండో కార్డు కూర్చున్న రైజర్‌కు (కార్డును మదర్‌బోర్డు స్లాటుకు దూరంగా పెట్టడానికి వాడే పొడిగింపు తీగ) కరెంటు ఇస్తున్న సాటా ప్లగ్గు (హార్డ్ డిస్కులకు కరెంటిచ్చే రకం) మాత్రం ఒక మూల గోధుమరంగుకు తిరిగి, ప్లాస్టిక్ కరిగి పిన్నులకు అంటుకుపోయింది. రైజర్ మీద ఆరు పిన్నుల సాకెట్టే ఉంది. అయితే దానితోపాటు పెట్టెలో వచ్చిన చిన్న తీగకు ఒక చివర ఆరు పిన్నులు, రెండో చివర సాటా ప్లగ్గు ఉండటంతో, కంపెనీవాళ్లే ఇచ్చారు కదా అని అతను దాన్నే తగిలించాడు.

రైజర్ కొనేటప్పుడు మనవాళ్లు పొడవెంత, ధరెంత, జెన్ 3 రకమా జెన్ 4 రకమా (డేటా వేగాన్ని చెప్పే తరం సంఖ్య ఇది) అని అడుగుతారు. అవన్నీ అడగవలసినవే. అయితే వాటన్నిటికంటే ముందు, మదర్‌బోర్డు స్లాటులో నేరుగా కూర్చుంటే కార్డుకు అందే కరెంటు ఈ రైజర్‌లో ఏ దారిన వస్తుందో తెలుసుకోవాలి. కార్డును కొంచెం దూరంగా జరపడమే రైజర్ పని అని అనుకుంటాం గాని, కొన్ని రకాల రైజర్లు కరెంటు వచ్చే దారినే పూర్తిగా మార్చేస్తాయి. కనుక ఇక్కడ రైజర్లను ప్రధానంగా ఆ కోణంలోనే పోలుస్తున్నాను.

రెండో కార్డుతో ఏం చేయబోతున్నారు?

రెండు కార్డులు కలిసి ఒకే ఆటను రెట్టింపు వేగంతో ఆడించే రోజులు దాదాపుగా అయిపోయాయి. రెండు కార్డులను జతచేసి ఒకే ఆట నడిపించే తన ఎస్‌ఎల్‌ఐ పద్ధతికి ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి కొత్త డ్రైవర్ ప్రొఫైళ్లు చేర్చడం మానేసింది. 30 సిరీస్‌లో 3090 స్థాయి కార్డులకు మాత్రమే రెండు కార్డులను నేరుగా కలిపే ఎన్‌వీలింక్ కనెక్టర్ మిగిలింది, 40 సిరీస్‌లో జీఫోర్స్ కార్డులకు అది కూడా లేదు. కాబట్టి కేవలం ఆటల్లో వేగం కోసమే రెండో కార్డు కొనాలనుకునేవారికి నా సలహా సూటిగా ఇదే: ఉన్న కార్డు అమ్మి, ఆ డబ్బు కలుపుకొని ఇంకా బలమైన ఒక్క కార్డు కొనుక్కోండి, రైజర్ అవసరమే ఉండదు.

అయినా రెండో కార్డుకు న్యాయమైన ఉపయోగాలు చాలా ఉన్నాయి. పగలు బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాంలో రెండరింగ్ (దృశ్యాన్ని చిత్రంగా గీయించడం), రాత్రి ఆటలు నడిపే కంప్యూటర్లు ఉన్నాయి. ఒక కార్డు మీద ఆట ఆడుతూ రెండో కార్డు మీద వీడియో రికార్డింగ్, ప్రసారం నడిపేవారున్నారు. ఒకే యంత్రాన్ని వర్చువల్ మెషీన్లుగా విభజించి అన్నదమ్ములిద్దరికీ చెరొక కార్డు ఇచ్చేవారున్నారు. ఈమధ్య లాస్‌లెస్ స్కేలింగ్ వంటి ప్రోగ్రాంతో, మొదటి కార్డు గీసిన ఫ్రేముల మధ్య అదనపు ఫ్రేములు సృష్టించే పనిని రెండో కార్డుకు అప్పగించడమూ ఎక్కువైంది. మా మేనల్లుడు చేసింది ఈ చివరి పనే. ఈ ఉపయోగాలను ముందే వేరుచేసి చెప్పడానికి కారణముంది. రెండరింగ్‌కు సరిపోయే రైజర్ ఫ్రేముల పనికి సరిపోదు, ఫ్రేముల పనికి కావలసిన రైజర్ రెండరింగ్‌కు అనవసరపు ఖర్చు.

75 వాట్ల లెక్క

మదర్‌బోర్డు మీద కార్డులు కూర్చునే స్లాట్లకు వర్తించే పీసీఐఈ ప్రమాణం ప్రకారం పెద్ద స్లాటు నుంచి గ్రాఫిక్స్ కార్డు గరిష్ఠంగా 75 వాట్లు తీసుకోవచ్చు. ఇందులో 12 వోల్టుల మీద 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు, మిగిలింది 3.3 వోల్టుల మీద 3 ఆంపియర్లు, అంటే సుమారు 10 వాట్లు. అంతకుమించి కావలసింది కార్డు పైభాగాన తగిలించే తీగల ద్వారా రావాలి: ఆరు పిన్నుల కనెక్టర్‌కు 75 వాట్లు, ఎనిమిది పిన్నులదానికి 150 వాట్లు, 2022 నుంచి పెద్ద కార్డులతో వస్తున్న పదహారు పిన్నులదానికి 600 వాట్ల వరకు పరిమితి.

పైన ఎన్ని తీగలు తగిలించినా కార్డు స్లాటు నుంచి కూడా కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. ఎంత తీసుకుంటుందన్నది కార్డు రూపకల్పనను బట్టి మారుతుంది. జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ రకం వంటి చిన్న కార్డులు చాలావరకు పై తీగ లేకుండానే వస్తాయి కాబట్టి అవి తాగే 70, 75 వాట్లూ స్లాటు నుంచే రావాలి. చిన్న కార్డే కదా అని చవక రైజర్ మీద కూర్చోబెట్టేవారు ఈ విషయం గమనించాలి, ఎందుకంటే రైజర్ మీద పూర్తి భారం వేసేవి ఇలాంటి కార్డులే. 2016లో ఏఎండీ విడుదల చేసిన ఆర్‌ఎక్స్ 480 కార్డు, ఆరు పిన్నుల తీగ ఉన్నా స్లాటు పరిమితికి మించి లాగుతోందని పరీక్షల్లో తేలింది. కంపెనీ తర్వాతి నెలలోనే డ్రైవర్‌ను సవరించి ఆ భారాన్ని తగ్గించవలసి వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఆ కార్డు కొన్నవారు కనీసం కొత్త డ్రైవర్ వేసుకున్న తరువాతే దాన్ని రైజర్ ఎక్కించాలి.

ఇప్పుడు మదర్‌బోర్డు వైపు నుంచి చూద్దాం. స్లాట్లకు వెళ్లే 12 వోల్టుల కరెంటు ప్రధానంగా 24 పిన్నుల పెద్ద కనెక్టర్ ద్వారా బోర్డులోకి వస్తుంది. ఆ 24 పిన్నుల్లో 12 వోల్టులవి రెండే రెండు, ఒక్కొక్కటి మామూలుగా 6 నుంచి 8 ఆంపియర్లు మోయగలదు. ప్రాసెసర్‌కు వేరే తీగ ఉంటుంది కనుక దాన్ని ఈ లెక్కలో కలపనక్కర్లేదు. రెండు కార్డులు స్లాటు నుంచి గరిష్ఠంగా లాగితే 11 ఆంపియర్లు, పిన్నుకు 5.5 చొప్పున, భరించదగ్గదే. మూడు కార్డులైతే 16.5 ఆంపియర్లు, పిన్నుకు 8కి పైనే. నాలుగైతే పిన్నుకు 11. ఫ్యాన్ల భారం దీనికి అదనం. మూడు నాలుగు కార్డుల యంత్రాల్లో 24 పిన్నుల కనెక్టర్‌లో 12 వోల్టులు మోసే పసుపు తీగల దగ్గర ప్లాస్టిక్ మాడిపోవడానికి కారణం ఇదే. ఎక్కువ స్లాట్లున్న కొన్ని మదర్‌బోర్డుల మీద స్లాట్ల పక్కనే అదనంగా ఒక మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత రకం) సాకెట్టో, ఆరు పిన్నుల సాకెట్టో కనిపిస్తుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు గాని, అది స్లాట్లకు వేరే దారిన కరెంటు ఇవ్వడానికే పెట్టింది.

సాదా రిబ్బన్ రైజర్

పదహారు లేన్లూ (డేటా నడిచే దారులు) ఉన్న రిబ్బన్ రైజర్ అంటే స్లాటుకు పొడిగింపు తీగ మాత్రమే. డేటా, కరెంటు రెండూ మదర్‌బోర్డు నుంచే వస్తాయి కాబట్టి పైన చెప్పిన 24 పిన్నుల లెక్క దీనికి యథాతథంగా వర్తిస్తుంది. స్లాటులో 12 వోల్టుల కోసం అయిదు పిన్నులున్నాయి, పూర్తి భారంలోనూ పిన్నుకు 1.1 ఆంపియరే పడుతుంది. అందువల్ల బాగా తయారైన 20 సెంటీమీటర్ల రిబ్బన్ దీన్ని సులువుగా మోస్తుంది. ఒకటి లేదా రెండు కార్డులున్న ఆటల కంప్యూటర్‌కు నా మొదటి ఎంపిక ఇదే.

దీనిలో తరచుగా వచ్చే ఇబ్బంది కరెంటుది కాదు, సిగ్నల్‌ది. జెన్ 3 వేగం లేనుకు సెకనుకు 8 గిగా ట్రాన్స్‌ఫర్లు, జెన్ 4 దానికి రెట్టింపు, జెన్ 5 దానికి మళ్లీ రెట్టింపు. జెన్ 3 కోసం చేసిన పాత రిబ్బన్‌లో జెన్ 4 కార్డు పెడితే స్క్రీన్ రాకపోవడం, ఆట మధ్యలో ఆగిపోవడం జరుగుతాయి. అప్పుడు కార్డును తాత్కాలికంగా నేరుగా బోర్డులో పెట్టి, బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఆ స్లాటును జెన్ 3కి మార్చి, మళ్లీ రిబ్బన్ తగిలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. పదహారు లేన్ల కార్డుకు ఈ మార్పు వల్ల ఆటల్లో పోయేది స్వల్పమే. ఆర్‌టీఎక్స్ 4060 వంటి ఎనిమిది లేన్ల కార్డుకు కొంచెం ఎక్కువ, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి నాలుగు లేన్ల కార్డుకు స్పష్టంగా తెలిసేంత నష్టం ఉంటుంది. రిబ్బన్‌ను కాగితంలా మడత పెట్టకూడదు, రెండు రిబ్బన్లను ఒకదానికొకటి కలిపి పొడవు పెంచకూడదు.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. రైజర్ చివర ఉండే చిన్న సర్క్యూట్ బోర్డును కేబినెట్‌కు స్క్రూలతో బిగిస్తారు. ఆ స్క్రూ బోర్డులోని 12 వోల్టుల దారికి తగిలితే షార్ట్ అవుతుంది. సరిగ్గా ఈ లోపం వల్లనే ఒక చిన్న కేబినెట్ మోడల్‌ను మంటల ప్రమాదం ఉందని 2021లో అమెరికాలో వెనక్కి పిలిపించారు. మీ రైజర్‌తో వచ్చిన స్క్రూలనే వాడండి, లోహపు వాషర్లు సొంతంగా చేర్చవద్దు.

సొంత కరెంటు ఉన్న రిబ్బన్

చూడటానికి ఇది కూడా రిబ్బనే, కాకపోతే కార్డు కూర్చునే చివర ఒక మోలెక్స్ లేదా ఆరు పిన్నుల సాకెట్టు ఉంటుంది. మూడో కార్డు పెట్టేవారికి, బోర్డు మీద అదనపు సాకెట్టు లేనివారికి ఇది సరైన మార్గం. డేటా మొత్తం పదహారు లేన్ల మీద వస్తుంది, కరెంటు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ మొత్తానికి కరెంటిచ్చే పెట్టె) నుంచి నేరుగా వస్తుంది, 24 పిన్నుల కనెక్టర్ మీద భారం తగ్గుతుంది.

అయితే ఇందులో రెండు రకాలున్నాయని అమ్మేవారు కూడా చాలాసార్లు గమనించరు. ఒక రకంలో మదర్‌బోర్డు నుంచి వచ్చే 12 వోల్టుల తీగలను తయారీలోనే తెంపేస్తారు, కార్డుకు కరెంటంతా కొత్త సాకెట్టు నుంచే వస్తుంది. రెండో రకంలో వాటిని తెంపకుండా, సాకెట్టు కరెంటును వాటితో కలిపేస్తారు. ఒకే ఎస్‌ఎంపీఎస్ ఉన్న యంత్రంలో రెండో రకమైనా నడుస్తుంది, ఎందుకంటే రెండు దారులూ చివరికి ఒకే చోట కలుస్తాయి. రెండు ఎస్‌ఎంపీఎస్‌లు పెట్టినప్పుడు మాత్రం కలిసి ఉన్న రకం ప్రమాదకరం: ఒకదాని 12 వోల్టులు, రెండోదాని 12 వోల్టులు ఎప్పుడూ కచ్చితంగా సమానంగా ఉండవు కాబట్టి ఒకటి రెండోదానిలోకి కరెంటు తోస్తుంది. ఏ రకమో తెలుసుకోవడానికి మల్టీమీటర్ చాలు. రైజర్‌ను దేనికీ తగిలించకుండా బల్ల మీద పెట్టి, మదర్‌బోర్డు వైపు అంచున 12 వోల్టుల పిన్నుకు ఒక కడ్డీ, సాకెట్టులోని 12 వోల్టుల పిన్నుకు రెండో కడ్డీ తాకించాలి. బీప్ వినిపిస్తే దారులు కలిసి ఉన్నట్టు, వినిపించకపోతే తెంపినట్టు.

యూఎస్‌బీ తీగలాంటి రైజర్

ఒక చిన్న ముక్క మదర్‌బోర్డులోని చిన్న స్లాటులో కూర్చుంటుంది, దాని నుంచి నీలిరంగు యూఎస్‌బీ 3 తీగ బయలుదేరి, పెద్ద స్లాటున్న మరో బోర్డుకు చేరుతుంది. పేరుకు యూఎస్‌బీ తీగే గాని ఇందులో నడిచేది పీసీఐఈ ఒక్క లేను. దీన్ని కంప్యూటర్ వెనుక ఉన్న మామూలు యూఎస్‌బీ పోర్టుకు ఎన్నడూ తగిలించకూడదు. ఇవి క్రిప్టో మైనింగ్ కోసం లక్షల సంఖ్యలో తయారయ్యాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ అవసరం లేని పద్ధతికి మారిపోయాక, కార్డులతోపాటు ఇవీ సెకండ్ హ్యాండ్ సంతలోకి వచ్చిపడ్డాయి. మా మేనల్లుడికి కార్డు అమ్మిన అతను రైజర్‌ను ఉచితంగా ఇచ్చాడు.

ఒక్క లేను ఎంత ఇరుకో చిన్న లెక్క చెబుతుంది. 2560 అడ్డం, 1440 నిలువు ఉన్న ఒక ఫ్రేముకు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున దాదాపు 14.7 మెగాబైట్లు కావాలి. సెకనుకు 60 ఫ్రేములు రెండో కార్డుకు పంపితే 885 మెగాబైట్లు. జెన్ 3 ఒక్క లేను మోయగలిగేది ఉత్తమ పరిస్థితుల్లోనే సెకనుకు 985. ఇలాంటి రైజర్లు చాలాసార్లు జెన్ 2 వేగానికి పడిపోతాయి, అప్పుడు మిగిలేది 500. అంటే ఫ్రేముల పనికి ఈ రైజర్ మొదటి రోజు నుంచే సరిపోలేదు, ప్లగ్గు కరగడం ఆ తర్వాతి కథ. అదే బ్లెండర్‌లో అయితే దృశ్యం ఒకసారి కార్డులోకి ఎక్కేటప్పుడు ఆలస్యమవుతుంది గాని, ఎక్కాక పని పూర్తి వేగంతో సాగుతుంది. రెండరింగ్ కోసం మూడో, నాలుగో కార్డు పెట్టేవారికి ఈ రైజర్‌ను నేను కాదనను.

కరెంటు విషయానికి వస్తే, ఈ రకంలో కార్డు స్లాటు భారం మొత్తం రైజర్ మీది సాకెట్టు నుంచే వస్తుంది. 3.3 వోల్టులను కూడా రైజర్ తనకు వచ్చే 12 వోల్టుల నుంచే తయారు చేసుకుంటుంది, కాబట్టి 66 వాట్లు కాదు, 75 వాట్లూ ఆ ఒక్క సాకెట్టు మోయాలి. అందుకే ఇక్కడ ఏ ప్లగ్గు అన్నదే మొత్తం విషయం.

సాటా ప్లగ్గు హార్డ్ డిస్కుల కోసం పుట్టింది. అందులో 12 వోల్టులకు మూడు సన్నని పిన్నులున్నాయి, ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లు, మొత్తం 4.5 ఆంపియర్లు, 54 వాట్లు. 75 వాట్లు లాగగల కార్డును 54 వాట్ల ప్లగ్గు మీద పెట్టడం ఎలా చూసినా తప్పే. పిన్ను కొంచెం వదులైనా, తుప్పు పట్టినా అక్కడ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది, వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. నెలల తరబడి ఏమీ కాలేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ పాడవడం నెమ్మదిగా లోలోపల జరిగి ఒక్కసారి బయటపడుతుంది. రైజర్ మీద ఆరు పిన్నుల సాకెట్టు ఉండి, పెట్టెలో వచ్చిన తీగ సాటా నుంచి ఆరు పిన్నులకు మార్చేదైతే, పరిమితి ఇంకా ఆ 54 వాట్లే. ఆ తీగను కత్తిరించి పారెయ్యండి, ఇంట్లో మరొకరి చేతికి కూడా దొరకకూడదు.

మోలెక్స్ ప్లగ్గులో 12 వోల్టులకు ఒకటే పిన్నున్నా, అది లావుగా, గుండ్రంగా ఉండి సాటా పిన్నుల కంటే ఎంతో ఎక్కువ కరెంటు మోస్తుంది. ఒక రైజర్‌కు ఇది సరిపోతుంది. దీనిలోని బలహీనత రెండు చోట్ల ఉంది: గుచ్చేటప్పుడు పిన్ను వెనక్కి జారిపోవడం ఒకటి, ఒకే తీగ మీద గొలుసులా ఉన్న మూడు నాలుగు మోలెక్స్ ప్లగ్గులకు మూడు నాలుగు రైజర్లు తగిలించడం రెండోది. తీగకు ఒక రైజర్, తప్పనిసరైతే రెండు, అంతకు మించకూడదు.

ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే పీసీఐఈ తీగను ఆరు పిన్నుల సాకెట్టుకు తగిలించడమే అన్నిటిలోకి ఉత్తమం. ఈ సాకెట్టు పరిమితే 75 వాట్లు, కావలసిందీ అంతే. ఆ తీగ రెండో కొనను అదే కార్డు పైనున్న ఎనిమిది పిన్నులకు వాడవచ్చా అని అడుగుతారు. 75, 150 కలిపి 225 వాట్లు, అంటే దాదాపు 19 ఆంపియర్లు మూడు తీగల మీద పడతాయి. మధ్యతరగతి కార్డుకు, మంచి ఎస్‌ఎంపీఎస్‌తో అది నడుస్తుంది. పెద్ద కార్డుకు మాత్రం వేర్వేరు తీగలే ఇవ్వాలి.

ఒక ఎస్‌ఎంపీఎస్ చాలా, రెండు కావాలా?

170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060లు రెండు, 142 వాట్ల వరకు లాగే ప్రాసెసర్, మిగతావాటికి 60 వాట్లు అనుకుంటే మొత్తం 540 పైచిలుకు. దీనికి 750 లేదా 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ హాయిగా సరిపోతుంది. 350 వాట్ల 3090లు రెండైతే మొత్తం 900 దాటుతుంది, అప్పుడు 1200 వాట్లది కావాలి. లెక్క కంటే ఎక్కువ ఎందుకంటే, గ్రాఫిక్స్ కార్డులు క్షణంలో అతి చిన్న భాగం పాటు తమ పేరు మీదున్న వాట్ల కంటే చాలా ఎక్కువ లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, సెకనులో పదివేలవ వంతు పాటు రెట్టింపు భారాన్ని తట్టుకోవాలని ఎస్‌ఎంపీఎస్‌లకు నియమం పెట్టింది. కొత్తది కొనేవారు ఆ ప్రమాణం ఉన్నదే చూడండి.

ఇంట్లో పాతది ఉంది కదా అని రెండో ఎస్‌ఎంపీఎస్ చేర్చడాన్ని నేను గట్టిగా వారిస్తాను. తప్పనిసరైతే ఒక నియమం దాటకూడదు: ఒక కార్డుకు పైనుంచి వచ్చే తీగలు, దాని రైజర్‌కు వచ్చే తీగ రెండూ ఒకే ఎస్‌ఎంపీఎస్ నుంచి రావాలి, ఆ రైజర్ మదర్‌బోర్డు 12 వోల్టులను తెంపినదై ఉండాలి. రెండూ ఒకేసారి వెలిగేలా అనుసంధాన బోర్డు వాడాలి.

ఒక ఎస్‌ఎంపీఎస్ తీగలను మరొకదానికి వాడవద్దు. కంపెనీ ఒకటే అయినా మోడల్ మారితే పిన్నుల వరస మారవచ్చు. ప్రాసెసర్ ఎనిమిది పిన్నులు, గ్రాఫిక్స్ ఎనిమిది పిన్నులు చూడటానికి ఒకేలా ఉన్నా, ఒకదానిలో 12 వోల్టులున్న వైపు రెండోదానిలో గ్రౌండ్ ఉంటుంది. బలవంతంగా దూర్చితే నేరుగా షార్టే.

మన ఎండలు, మన ప్లగ్గు పాయింట్లు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట కృష్ణా తీరంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. మే నెలలో మేడ మీది గదిలో, ఏసీ లేనప్పుడు, కేబినెట్ లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. కనెక్టర్ల సామర్థ్యాన్ని, చుట్టూ ఉన్న గాలి కంటే అవి సుమారు 30 డిగ్రీలు వేడెక్కే కరెంటు దగ్గర లెక్కిస్తారు. చుట్టూ 25 డిగ్రీలుంటే పిన్ను 55 దగ్గర ఆగుతుంది, 50 ఉంటే 80కి చేరుతుంది, మామూలు తీగల తొడుగుకు అదే హద్దు. కాబట్టి చలిదేశాల వారు ఫరవాలేదన్న అమరికను మనం ఒక మెట్టు తగ్గించి చూసుకోవాలి. పైగా 700 వాట్లు తాగే యంత్రం ఆ 700 వాట్లనూ వేడిగా గదిలోకే వదులుతుంది, టన్ను ఏసీ తీయగల వేడిలో అది అయిదో వంతు.

గోడ దగ్గర కూడా లెక్క ఉంది. మామూలు చిన్న పాయింటు 6 ఆంపియర్లది. 1000 వాట్ల భారాన్ని 90 శాతం సామర్థ్యమున్న ఎస్‌ఎంపీఎస్ మోస్తే గోడ నుంచి సుమారు 1110 వాట్లు లాగుతుంది, 230 వోల్టుల దగ్గర 4.8 ఆంపియర్లు. వేసవి సాయంత్రం ఓల్టేజి 200కి పడితే అదే పనికి 5.5 ఆంపియర్లు దాటుతాయి, ఎందుకంటే ఓల్టేజి తగ్గినప్పుడు ఎస్‌ఎంపీఎస్ కరెంటు పెంచుకుంటుంది. దాని పక్కనే మానిటర్, స్పీకర్లు, ఒకే జంక్షన్ బాక్సు. రెండు పెద్ద కార్డులు పెట్టేవారు ఏసీకి, గీజరుకు వాడే 16 ఆంపియర్ల పాయింటు ఇవ్వండి, దానికి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లకే పరిమితం, ఈ యంత్రాలకు పనికిరాదు. ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్ వేవ్ రకమే ఉండాలి.

ఎవరికి ఏది

బోర్డులో రెండు పెద్ద స్లాట్ల మధ్య కార్డులు ఊపిరాడేంత చోటుంటే రైజరే కొనకండి. చోటు చాలక రెండో కార్డును పక్కకు జరపవలసినవారు, ఆటలకో ఫ్రేముల పనికో వాడేవారు, జెన్ 4 సాదా రిబ్బన్ తీసుకోండి. అయితే కొనేముందు బోర్డు పుస్తకంలో రెండో స్లాటుకు నిజంగా ఎన్ని లేన్లు వస్తాయో చూసుకోండి, ఎందుకంటే చాలా బోర్డుల్లో పెద్దగా కనిపించే కింది స్లాటుకు లోపల నాలుగే ఉంటాయి. మూడు కార్డులు పెట్టేవారు బోర్డు మీది అదనపు సాకెట్టు వాడండి, లేకపోతే మూడోదానికి 12 వోల్టులు తెంపిన, సొంత కరెంటున్న రిబ్బన్ తీసుకోండి. రెండరింగ్ మాత్రమే చేసే అదనపు కార్డులకు ఆరు పిన్నుల సాకెట్టున్న యూఎస్‌బీ రకం చాలు. సాటా సాకెట్టు మాత్రమే ఉన్న రైజర్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. గవర్నర్‌పేట దుకాణంలో అడిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, ముందు సాకెట్టు ఫొటో చూసి, తర్వాతే ధర మాట్లాడండి.

బిగించాక పరీక్ష తప్పనిసరి. కార్డు కొలతలు చూపించే జీపీయూ-జెడ్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిస్తే చాలా ఎన్విడియా కార్డుల్లో స్లాటు ఓల్టేజి, స్లాటు వాట్లు విడిగా కనిపిస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట పూర్తి భారం మీద నడిపాక ఒకసారి రాసుకోండి. ఎస్‌ఎంపీఎస్‌లకు చాలాకాలం ఉన్న ప్రమాణం 12 వోల్టులకు 5 శాతం హెచ్చుతగ్గులను అనుమతించింది, అంటే 11.4ను కింది హద్దుగా తీసుకోండి. స్లాటు దగ్గర అంతకు దిగినా, ఖాళీకీ భారానికీ మధ్య అర వోల్టు తేడా వచ్చినా, ఎక్కడో ఒక కనెక్టర్ నిరోధం పెంచుకుంటోందని అర్థం. యంత్రం ఆపి, గోడ ప్లగ్గు తీసి, వెంటనే రైజర్ ప్లగ్గును, 24 పిన్నుల కనెక్టర్‌ను వేళ్లతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండవచ్చు, వేలు నిలవనంత వేడి ఉండకూడదు. ఈ పరీక్ష శీతాకాలంలో చేసినవారు మే నెలలో మరొకసారి చేయాలి.

మా మేనల్లుడి యంత్రంలో ఇప్పుడు రెండో కార్డు సాదా రిబ్బన్ మీద, కింది స్లాటు నుంచి నాలుగు లేన్లతో నడుస్తోంది. కరిగిన ప్లగ్గున్న సాటా తీగను ఎస్‌ఎంపీఎస్ నుంచి పూర్తిగా తీసేశాం. ఈ ఏడాది మే రెండో వారంలో, మధ్యాహ్నం మూడు గంటలకు, ఏసీ ఆపించి మళ్లీ అరగంట పరీక్ష పెట్టాం. ఓల్టేజి హద్దులోపలే నిలిచింది, కనెక్టర్లు వేలికి గోరువెచ్చగానే తగిలాయి.